పడవ బోల్తా పడితే మళ్లీ లేస్తుందా? మైలవరం డ్యాం నుంచి తారిణి దాకా

ఈ ఎపిసోడ్ గండికోట మీద కూర్చొని మొదలుపెడుతున్నా. గాలి గట్టిగా ఉంది, మధ్యమధ్యలో మైకులో బుసబుసమంటే ఏమనుకోవద్దండి. కింద కనిపిస్తున్నది పెన్న. ఈ లోయ దాటితే మైలవరం డ్యాం, ఆ తర్వాత మన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు. అట్లా పోయి పోయి నెల్లూరు దాటి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది.

పోయిన నెల మా మేనల్లుడిని బోటింగ్‌కి తీసుకుపోయినా. ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతున్నాడు. బోటులో కూర్చున్నాడో లేదో మొదలుపెట్టినాడు. "మామా, దీంట్లోనే పోతా పోతా ఉంటే సముద్రం దాకా పోతామా?" నేను నవ్వినా. వాడు ఊరుకోలేదు. "సరే, సముద్రంలో పోయే పడవకీ దీనికీ తేడా ఏంది? అది పెద్దది, ఇది చిన్నది, అంతేనా?"

నిజం చెప్తున్నా, ఆరోజు "అంతేరా" అనేసినా. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టినాక తెలిసింది, అది తప్పని. చిన్నాపెద్దా కాదు సంగతి. ఆ తప్పు జవాబుకి దిద్దుబాటే ఈ ఎపిసోడ్ అనుకోండి.

ముందు ఒక తేదీ. 2017 నవంబర్ 12. ఆదివారం, కార్తీక మాసం. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం, గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే చోటు. సాయంత్రం ఒక టూరిస్టు పడవ బోల్తా పడింది. 20 మందికి పైగా చనిపోయినారు. పరిమితికి మించి ఎక్కించినారని, లైఫ్ జాకెట్లు లేవని అప్పటి వార్తలన్నీ రాసినాయి. తుఫాను లేదు. అల లేదు. ఒడ్డు కంటికి కనిపిస్తూనే ఉంది.

సరిగ్గా అదే రోజుల్లో ఇంకో పడవ ఆస్ట్రేలియా కింద, దక్షిణ సముద్రంలో న్యూజిలాండ్ వైపు పోతోంది. పొడవు 56 అడుగులు. అంటే ఆర్టీసీ బస్సులు ఒకదాని వెనక ఒకటి రెండు పెట్టినా దానికి మించి పోతాయి. అందులో ఆరుగురు ఆడపిల్లలు, అందరూ నేవీ ఆఫీసర్లు. వాళ్లలో ఇద్దరు మనోళ్లే. విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య బొడ్డపాటి. వాళ్లు పోతున్న చోట గాలికి అడ్డం పెట్టడానికి ఒక కొండ కూడా లేదు. ఆ పడవ పేరు ఐఎన్‌ఎస్‌వి తారిణి. ప్రపంచం మొత్తం చుట్టి ఆరుగురినీ తిరిగి తెచ్చింది.

నిలకడగా ఉన్న నదిలో ఒక పడవ ఎందుకు తిరగబడింది? అంత సముద్రంలో ఇంకొకటి ఎందుకు నిలబడింది? దేవుడి దయ అనొచ్చు, కాదనను. కానీ దాంట్లో లెక్క కూడా ఉంది.

ఆ లెక్కకి పోకముందు ఒక మాట. సముద్రం మనకి సంబంధం లేని సంగతి అనుకోవద్దు. నేను కూర్చున్న ఈ కోటనే చూడండి. 1650లో గోల్కొండ వజీరు మీర్ జుమ్లా పెమ్మసాని నాయకుల దగ్గర నుంచి దీన్ని గెలుచుకున్నాడు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లో ఆయన్ని ఇక్కడికే వచ్చి కలిసినాడు. మీర్ జుమ్లాని మనం వజ్రాలాయన, ఫిరంగులాయన అనే గుర్తుపెట్టుకుంటాం. కానీ ఆయనకి సొంతంగా పది దాకా ఓడలుండేవి. మచిలీపట్నం నుంచి పర్షియా, బర్మా, అరకాన్, మాల్దీవుల దాకా తిరిగేవి. చుట్టూ రాళ్లు తప్ప ఇంకేమీ కనపడని ఈ కోటని ఏలిన మనిషికి హిందూ మహాసముద్రంలో ఓడలు తిరుగుతున్నాయన్నమాట.

ఆ కాలంలో ఓడలు కట్టడానికి పేరుపడింది గోదావరి నోటి దగ్గరున్న నరసాపురం. 1670ల్లో థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు ఈ తీరమంతా తిరిగి ఒక పుస్తకం రాసినాడు. నరసాపురం దగ్గర దొరికే కలప, ఇనుము, అక్కడి వడ్రంగుల పని మంచిదని మెచ్చుకున్నాడు. ఇంగ్లీషు వ్యాపారులే అక్కడికొచ్చి ఓడలు కట్టించుకునేవాళ్లని రాసినాడు.

మన తీరంలో ఇంకో పడవ ఉండేది, మసులా పడవ. దాంట్లో మేకు ఉండదు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. ఇప్పుడు చూస్తే ఇదేంది, గోనెసంచి కుట్టినట్టు అనిపిస్తుంది. కానీ ఆలోచించండి. మన తూర్పు తీరంలో చాలా చోట్ల ఓడ ఒడ్డు దాకా రాలేదు, దూరంగా లంగరు వేసుకుని ఉంటుంది. ఓడ నుంచి ఒడ్డుకి సరుకు తేవాలంటే విరిగే అలల మీద దూకుతూ రావాలి, ధబీమని ఇసుక మీద పడాలి. మేకులు కొట్టిన గట్టి పడవ ఆ దెబ్బకి పగిలిపోతుంది. కుట్టిన పడవ వంగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. అదే పడవ వేసుకుని బర్మా పోతానంటే మాత్రం పోలేవు. దానికి ఓడ కావాలి. ఓడని తీసుకొచ్చి అలల్లో దూకిస్తానంటే అదీ కుదరదు.

తుంగభద్రలో, కృష్ణలో తిరిగే పుట్టి కూడా అంతే. గుండ్రంగా, అడుగు చదునుగా ఉంటుంది, మోకాలి లోతు నీళ్లలో కూడా తేలుతుంది. ఆ నీళ్లకి దాన్ని మించింది లేదు. కాబట్టి మంచి పడవా, చెడ్డ పడవా అని అడిగితే సగం ప్రశ్నే. ఏ నీళ్లకి అని కూడా అడగాలి.

ఇంకా ఏ నెలలో అని కూడా. కాకినాడ పక్కన కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1789 డిసెంబర్‌లో వచ్చిన తుఫానుకి సముద్రం పొంగి ఊరి మీదికి వచ్చింది. 1839 నవంబర్‌లో మళ్లీ వచ్చింది. కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్‌టన్ ఈ బంగాళాఖాతం తుఫానుల మీద సంవత్సరాల తరబడి వివరాలు సేకరించి, 1848లో వాటికి 'సైక్లోన్' అని పేరు పెట్టినాడు. ఈరోజు ప్రపంచమంతా వాడే మాట అది. దాని వెనక కోరంగిలో పోయిన ఓడలు, ప్రాణాలు కూడా ఉన్నాయి. అట్లాంటి తుఫానుకి ఎదురుపోతే ఎంత గట్టి ఓడైనా దిక్కులేదు. అందుకే తారిణి కూడా సెప్టెంబర్‌లో బయలుదేరింది. దక్షిణాన చలికాలం దాటి, అక్కడి ఎండాకాలంలో కేప్ హార్న్ చేరేలా లెక్కేసుకున్నారు.

సరే, ఇప్పుడు తారిణి దగ్గరికి పోదాం.

పేరు ఒడిశాలో బరంపురం దగ్గరున్న తారాతారిణి అమ్మవారిది. పాతకాలం నుంచి ఓడలవాళ్లు, వ్యాపారులు మొక్కుకునే దేవత. సంస్కృతంలో తరణి అన్నా తరి అన్నా పడవే, తారిణి అంటే దాటించేది. పడవ కట్టింది గోవాలో అక్వేరియస్ షిప్‌యార్డ్. 2017 ఫిబ్రవరి 18న నేవీలో చేరింది. డిజైన్ మాత్రం మనది కాదు, నెదర్లాండ్స్‌లోని వాన్ డి స్టాట్ అనే సంస్థది. దాని పేరు టోంగా 56. దీనికో అక్క కూడా ఉంది, ఐఎన్‌ఎస్‌వి మాదేయి. అదే డిజైన్, అదే షిప్‌యార్డ్, 2009లో నేవీలో చేరింది.

మాదేయి సంగతి కొంచెం చెప్పాలి. అంతకు ముందు 1985-87లో మన ఆర్మీ ఇంజనీర్లు 37 అడుగుల 'తృష్ణ' అనే పడవలో ప్రపంచం చుట్టి వచ్చినారు. కానీ అది బ్రిటన్‌లో కొన్న పడవ. ఈసారి వైస్ అడ్మిరల్ మనోహర్ అవటి పట్టు ఏంటంటే, ఒక భారతీయుడు ఒంటరిగా, భారతదేశంలో కట్టిన పడవలో ప్రపంచం చుట్టాలి. ముందుకొచ్చింది కమాండర్ దిలీప్ దోందే. కట్టే బాధ్యత తీసుకుంది గోవాలో దివార్ దీవిలో ఫైబర్‌గ్లాస్ పడవలు చేసే రత్నాకర్ దండేకర్. ఇంత పెద్ద సముద్రపు పడవ ఆయన అంతకు ముందు కట్టలేదు. దోందే పడవ తయారయ్యేదాకా ఇంట్లో కూర్చోలేదు. షిప్‌యార్డులోనే ఉండి కట్టే పనిలో చెయ్యి కలిపినాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనికి వస్తా.

2009 ఆగస్టులో ముంబై నుంచి బయలుదేరి, నాలుగు చోట్ల ఆగి, 2010 మేలో తిరిగొచ్చినాడు. ఒంటరిగా ప్రపంచం చుట్టిన మొదటి భారతీయుడు. 2012 నవంబర్ 1న అదే మాదేయిలో అభిలాష్ టామీ బయలుదేరి ఎక్కడా ఆగకుండా 2013 మార్చి 31న తిరిగి ముంబై చేరినాడు. తారిణిలో పోయిన ఆడపిల్లలు కూడా మాదేయి మీదే నేర్చుకున్నారు. 2016లో విశాఖపట్నంలో ఇంటర్నేషనల్ ఫ్లీట్ రివ్యూ జరిగింది కదా, దానికి గోవా నుంచి మాదేయిని తెరచాపల మీద నడుపుకుంటూ వచ్చింది వాళ్లే. తర్వాత మారిషస్, ఆ తర్వాత కేప్‌టౌన్. ఒక్కసారిగా ప్రపంచం చుట్టడానికి దూకలేదు.

ఇప్పుడు పడవని పరీక్షపెడదాం. మీ ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి.

తారిణి వెడల్పు 5 మీటర్లు. బరువు 23 టన్నులు. 23 టన్నుల పడవ తేలాలంటే అంతే బరువున్న సముద్రపు నీళ్లని పక్కకి నెట్టాలి, ఆర్కిమెడిస్ పాఠం. ఉప్పునీళ్లు కొంచెం బరువెక్కువ కాబట్టి 1.025తో భాగించండి. సుమారు 22.4 ఘనపు మీటర్లు. దానికి ఘనమూలం తీస్తే 2.82. ఇప్పుడు వెడల్పు 5ని 2.82తో భాగించండి. 1.77 వచ్చిందా?

ఈ లెక్క చెప్పేది ఏంటంటే, ఆ అంకె 2 కన్నా తక్కువ ఉంటే సముద్ర ప్రయాణానికి పనికొచ్చే అవకాశం ఉంది. 2 దాటితే అనుమానించాలి. ఇది ఎక్కడి నుంచి పుట్టింది? 1979 ఆగస్టులో ఇంగ్లండ్, ఐర్లండ్ మధ్య ఫాస్ట్‌నెట్ అనే పడవల పందెం. మూడు వందల దాకా పడవలు పోయినాయి. నడుమలో తుఫాను. 15 మంది పందెగాళ్లు చనిపోయినారు, 24 పడవల్ని వదిలేసి మనుషులు బయటపడినారు. తర్వాత విచారణ జరిగింది. తేలిందేంటంటే, పందెం గెలవడానికి పడవల్ని వెడల్పు చేసుకుంటూ, బరువు తగ్గించుకుంటూ పోయినారు. అట్లాంటి కొన్ని పడవలు అలకి తలకిందులై, మళ్లీ లేవకుండా అట్లనే ఉండిపోయినాయి.

ఇది మనం అనుకునేదానికి ఉల్టా కదా? వెడల్పు ఎక్కువుంటే పడవ స్థిరంగా ఉంటుంది అనుకుంటాం. నిజమే, నిలకడ నీళ్లలో స్థిరంగానే ఉంటుంది. కానీ ఒకసారి తలకిందులైతే? చాప లాంటి పడవ తలకిందులుగా కూడా అంతే స్థిరంగా ఉంటుంది. మంచం తిరగేస్తే తిరగేసినట్టే ఉంటుంది చూడండి, అట్లా. 5 మీటర్ల వెడల్పుతో 8 టన్నులే ఉండే ఒక తేలే బల్లకట్టు అనుకోండి, మంచినీళ్లలో దాని లెక్క 5 భాగించు 2, అంటే 2.5 వస్తుంది. పార్టీ చేసుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. సముద్రంలోకి మాత్రం వద్దు.

అయితే ఈ అంకెని కూడా గుడ్డిగా నమ్మొద్దు. దీంట్లో పెద్ద లోపం ఉంది. బరువు ఎంత అనేదే చూస్తుంది గానీ, బరువు ఎక్కడ ఉంది అనేది చూడదు. తారిణి 23 టన్నుల్నీ తీసుకుపోయి కప్పు మీద పెట్టినా లెక్క 1.77 అనే వస్తుంది! ఆ పడవ మాత్రం రేవులోనే పల్టీ కొడుతుంది.

అసలు కథ ఆ 'ఎక్కడ' అనే మాటలోనే ఉంది. సముద్రంలో తిరిగే తెరచాప పడవకి అడుగున ఒక పెద్ద రెక్క ఉంటుంది, చేప రెక్క కిందికి దించినట్టు. దాన్ని కీల్ అంటారు. దాంట్లో సీసమో ఇనుమో పోస్తారు. మామూలుగా దూరప్రయాణాల పడవల్లో మొత్తం బరువులో మూడో వంతుకి దగ్గరగానో అంతకు మించో ఆ కిందనే ఉంటుంది. చిన్నప్పుడు ఎటు తోసినా లేచి నిలబడే బొమ్మ ఆడుకున్నాం కదా, అడుగున బరువు ఉండేది, అదే సూత్రం. పడవ గాలికి పక్కకి ఒరిగే కొద్దీ ఆ బరువు దాన్ని వెనక్కి లాగుతా ఉంటుంది.

ఎంతవరకు లాగుతుంది అనేది ఇంకో అంకె. 90 డిగ్రీలు అంటే పడవ పూర్తిగా పక్కకి పడుకున్నట్టు, తెరచాప నీళ్లకి తగిలినట్టు. సముద్రానికి పోయేవాళ్లు 120 డిగ్రీల దాకా ఒరిగినా తిరిగి లేచే పడవ కోసం చూస్తారు. అంటే సగం తలకిందులైనా లేవాలి. కీల్ లేని చదును అడుగు పడవ దానికి చాలా ముందే ఓడిపోతుంది. పై అంతస్తులో జనం ఎక్కితే ఇంకా ముందే, ఎందుకంటే అక్కడ బరువు కీల్‌కి ఉల్టా పనిచేస్తుంది. ఫోటో కోసం అందరూ ఒక పక్కకి వచ్చినారనుకోండి, ఆ బరువు పైకి పోవడమే కాదు, పక్కకి కూడా పోతుంది. అందుకే బోటు నడిపేవాళ్లు "కూర్చోండి, కూర్చోండి" అని అరుస్తారు. మనం వినం.

తారిణి నీళ్లలోకి దిగే లోతు రెండున్నర మీటర్లు. మనిషి ఎత్తు కన్నా ఎక్కువ భాగం నీళ్ల కిందే ఉందన్నమాట. పైన మాస్ట్, అంటే తెరచాప కొయ్య, 25 మీటర్లు. దాదాపు ఎనిమిది అంతస్తుల ఎత్తు. అంత కొయ్యకి గాలి తోసినా పడవ నిలబడాలంటే కింద ఆ లోతు, ఆ బరువు ఉండాల్సిందే. మైలవరంలో నీళ్లు తగ్గినప్పుడు తారిణిని తెచ్చి పెడితే బురదలో కూరుకుపోతుంది. పుట్టి మాత్రం హాయిగా తిరుగుతుంది. ఏ నీళ్లకి ఆ పడవ, మళ్లీ అదే మాట.

బరువెక్కువ కదా, వేగం ఎట్లా అంటారేమో. చూద్దాం. 2017 సెప్టెంబర్ 10న గోవాలో బయలుదేరి 2018 మే 21న తిరిగొచ్చినారు, 254 రోజులు. దాంట్లో సముద్రం మీద 199 రోజులు. దూరం 21,600 నాటికల్ మైళ్లు, మన లెక్కలో 40,000 కిలోమీటర్లు. భాగిస్తే రోజుకి 200 కిలోమీటర్లు, గంటకి ఎనిమిది, ఎనిమిదిన్నర. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకి సైకిల్ తొక్కే పిల్లోడు దీన్ని దాటేస్తాడు! కానీ వాడు రాత్రి నిద్రపోతాడు. తారిణి 24 గంటలూ పోతానే ఉంటుంది. మార్చిమార్చి కాపలా కాస్తూ, ఆరుగురు.

ఇట్లా చుట్టడానికి నియమాలు కూడా ఉన్నాయి. భూమధ్యరేఖని కనీసం రెండుసార్లు దాటాలి, రేఖాంశాలన్నీ దాటాలి, లీవిన్, హార్న్, గుడ్‌హోప్ అనే మూడు అగ్రాల కింద నుంచి రావాలి. సూయజ్, పనామా లాంటి కాలువల్లో దూరి అడ్డదారిన రావడం కుదరదు.

న్యూజిలాండ్‌లోని లిటిల్టన్ నుంచి ఫాక్‌లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీ దాకా సుమారు 40 రోజులు భూమి మీద అడుగు పెట్టలేదు. పసిఫిక్‌లో గాలి 60 నాట్స్ దాకా పోయింది, అంటే గంటకి 110 కిలోమీటర్లు. అలలు 7 మీటర్లు. రెండంతస్తుల మిద్దె ఎత్తు నీళ్లు వెనక నుంచి వస్తున్నాయనుకోండి, ఒకటి పోతే ఇంకోటి. 2018 జనవరి 18న కేప్ హార్న్ దాటినారు. స్కిప్పర్ వర్తికా జోషి నేవల్ ఆర్కిటెక్చర్ చదివిన మనిషి. అంటే కాళ్ల కింద ఉన్న పడవ లోపల ఏ పక్క ఎంత బలముందో తెలిసిన కెప్టెన్.

ఇంత చెప్పినాక, మరి ఏమీ పాడవలేదా? పాడయింది. కేప్‌టౌన్ దాటి ఇంటికి వస్తున్నప్పుడు చుక్కాని తిప్పే యంత్రాంగం దెబ్బతిన్నది. 2018 ఏప్రిల్‌లో ప్లాన్‌లో లేని మారిషస్‌కి పోయి బాగుచేయించుకుని వచ్చినారు. కొంతమంది దీన్ని లోపంగా చెప్తారు. నాకైతే అట్లా అనిపించదు. ఉప్పునీళ్లలో అన్ని నెలలు తిరిగే వస్తువు ఏదో ఒకటి విరగకుండా ఉండదు. విరిగినప్పుడు పడవ తేలుతూ ఉందా, రేవు దాకా వచ్చిందా, లోపలున్నవాళ్లకి ఏం విరిగిందో అర్థమైందా అనేది చూడాలి. దోందే షిప్‌యార్డులో ఉండి పని నేర్చుకున్నాడని చెప్పినా కదా, దానికోసమే. నడిసముద్రంలో మెకానిక్ షాపు ఉండదు.

ఇప్పుడు మా మేనల్లుడి మాట. "అది పెద్దది కాబట్టి నిలబడింది" అంటాడు వాడు. వాడికి బలం చేకూర్చే కథ ఒకటుంది. మాదేయిలో ఆగకుండా ప్రపంచం చుట్టిన అభిలాష్ టామీయే 2018లో గోల్డెన్ గ్లోబ్ రేస్‌కి 'తురియా' అనే పడవలో పోయినాడు. గోవాలోనే కట్టిన చెక్క పడవ, 32 అడుగులు. జీపీఎస్ వాడకూడదు, పాతకాలం పద్ధతిలోనే పోవాలని ఆ రేస్ నియమం. సెప్టెంబర్ 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుకి పడవ బోల్తా కొట్టింది, మాస్ట్ విరిగింది, ఆయన వెన్నెముక దెబ్బతిన్నది. మూడు రోజులు కదలలేక పడుకుని ఉన్నాడు. 24వ తేదీన ఫ్రాన్స్ ఓడ 'ఒసిరిస్' వచ్చి కాపాడింది. అప్పటిదాకా పడవ మాత్రం తేలుతూనే ఉంది. పల్టీ కొట్టినాక కూడా లేచి నిలబడి, మాస్ట్ లేకుండా, తన మనిషిని పట్టుకుని మూడు రోజులు ఆగింది.

ఈ తురియా దేని నకలో తెలుసా? 'సుహైలి' అనే పడవకి. సుహైలిని 1960ల్లో బొంబాయిలో టేకు చెక్కతో కట్టినారు. రాబిన్ నాక్స్-జాన్స్టన్ అనే ఇంగ్లీషాయన దాంట్లో 1968 జూన్‌లో బయలుదేరి 312 రోజుల్లో ఎక్కడా ఆగకుండా ప్రపంచం చుట్టి వచ్చినాడు. మానవ చరిత్రలో ఒంటరిగా, ఆగకుండా చుట్టిన మొదటి మనిషి. ఆ పందెంలో తొమ్మిది మంది బయలుదేరితే పూర్తి చేసింది ఆయనొక్కడే. అందరికన్నా వేగమైన పడవ కాదు సుహైలి. నడుమలో దానికి తనంతట తాను దారి పట్టుకునే పరికరం విరిగిపోయింది. తెరచాపల్ని సరిచేసి వదిలేస్తే పడవే నేరుగా పోయేది. అడుగు పొడవునా సాగే పాతకాలం కీల్ ఇచ్చిన నిలకడ అది. మన బొంబాయి వడ్రంగుల చేతిపని, 32 అడుగులు.

ఇంకా ఉంది. వెన్నెముకలో టైటానియం పెట్టుకుని, మళ్లీ నడక నేర్చుకుని, అభిలాష్ టామీ 2022లో అదే రేస్‌కి తిరిగి పోయినాడు. ఈసారి పడవ 'బయానత్', రస్లర్ 36 అనే డిజైన్. 36 అడుగులే. 2023 ఏప్రిల్ 29న 236 రోజుల తర్వాత రెండో స్థానంలో వచ్చినాడు. మొదట వచ్చిన దక్షిణాఫ్రికా ఆవిడ కిర్‌స్టెన్ నోయ్‌షేఫర్ పడవ కూడా 36 అడుగులదే. రెండూ బరువైన పొడవాటి కీల్ ఉన్న, చూడ్డానికి కొంచెం మొద్దుగా ఉండే పడవలు.

అందుకే వాడికి ఇప్పుడు ఇచ్చే జవాబు వేరు. పెద్దదైతే సుఖం ఎక్కువ, సరుకు ఎక్కువ పడుతుంది, పొడవు వల్ల వేగం కూడా కొంచెం ఎక్కువ. ఆరుగురు నెలల తరబడి తినాలి, తాగాలి, పడుకోవాలి అంటే 56 అడుగులు కావాల్సిందే. కానీ ప్రాణం నిలబెట్టేది మాత్రం పొడవు కాదు, అడుగున ఉన్న ఆ బరువు.

తారిణి కథ 2018తో అయిపోలేదు. 2024 అక్టోబర్ 2న అదే పడవ మళ్లీ గోవా నుంచి బయలుదేరింది. ఈసారి ఆరుగురు కాదు, ఇద్దరే, లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా కె., రూపా ఎ. మళ్లీ ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్. 25,000 నాటికల్ మైళ్లకు పైగా పోయి 2025 మే 29న ఇల్లు చేరినారు. పడవ వయసు అప్పటికి ఎనిమిదేళ్లు. ఆరుగురు చేసిన పని ఇద్దరు చేయగలిగినారంటే వాళ్ల గొప్పతనం ఒకటి, తాళ్లూ తెరచాపలూ తక్కువ చేతులతో సర్దుకునేలా ఉన్న పడవ ఇంకొకటి.

చివరగా, చాలామంది అడుగుతారు, "అన్నా, మన దగ్గర ఇది నేర్చుకోవచ్చా?" అని. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద నేర్పిస్తారు, అక్కడ జాతీయ స్థాయి పోటీలు కూడా జరుగుతాయి. కాకపోతే మీరు మొదట ఎక్కేది తారిణి లాంటిది కాదు. ఆప్టిమిస్ట్, లేజర్ అని చిన్న పడవలు. వాటికి బరువైన కీల్ ఉండదు, నీళ్లలోకి దించే ఒక పలక మాత్రమే ఉంటుంది. గాలి గట్టిగా కొడితే పల్టీ కొడతాయి. వాటంతట అవి లేవవు. మొదటి రోజుల్లోనే మీ చేత కావాలని పల్టీ కొట్టిస్తారు. నీళ్లలో ఈదుకుంటూ చుట్టూ తిరిగి, ఆ పలక మీదెక్కి నిలబడి వెనక్కి వాలాలి. మెల్లగా మాస్ట్ నీళ్లలోంచి పైకి లేస్తుంది. అక్కడ కీల్‌లోని సీసం మీరే. లైఫ్ జాకెట్ మాత్రం మర్చిపోవద్దు.

గాలి ఇంకా పెరిగింది, కెమెరా పడిపోయేట్టుంది. మా మేనల్లుడు కింద నుంచి చెయ్యి ఊపుతున్నాడు. వచ్చే ఎపిసోడ్ కూడా ఇక్కడి నుంచే, మీర్ జుమ్లా ఫిరంగుల కథ. ఉంటా మరి.